లోడరు బరువు ఎత్తకపోతే ఏమి చూడాలి?



పెంటకుప్ప ఎత్తడానికి, పాతరగడ్డి ట్రక్కులోకి నింపడానికి కొన్ని సంఘాలు ట్రాక్టరు ముందు లోడరు అమర్చుకున్నాయి. తనిఖీకి వెళ్లినపుడు మేము తరచు వినే ఫిర్యాదు ఇది: "కొత్తలో ఎత్తినంత బరువు ఇప్పుడు ఎత్తడం లేదండీ."

ఒక సంఘంలో ఇదే కారణం చెప్పి, పెద్ద పంపు కొనాలని తీర్మానం రాసి, మినిట్సు పుస్తకం మా ముందు పెట్టారు. సంఘం డబ్బు అంటే సభ్యులు పూట పూటా పోసిన పాల డబ్బు. ఖర్చు చేసే ముందు ఒక్కసారి గేజి పెట్టి చూద్దాం అన్నాము. అక్కడ తేలిన సంగతి చివర చెబుతాము. ముందు పాఠం చూద్దాం.

1. ఎత్తే బలం ఎక్కడిది?

సిలిండరులోని ఆయిల్ పిస్టనును నెడుతుంది. ఆయిల్ ఒత్తిడిని పిస్టను వైశాల్యంతో గుణిస్తే వచ్చేదే బలం. ఉదాహరణకు సిలిండరు లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి ఉంటే ఒక్క సిలిండరు సుమారు 2,940 కిలోల బలంతో నెడుతుంది.

ఆ బలమంతా బకెట్టుకు అందదు. సిలిండరు చేతుల మొదలుకు దగ్గరగా ఉంటుంది, బకెట్టు చివరన ఉంటుంది. నిండు పాల క్యాను ఒంటికి ఆనించి పట్టుకుంటే మోయగలం. చేయి చాచి పట్టుకుంటే మోయలేము. లోడరు సంగతీ అంతే. బరువు ఎంత ముందుకు పోతే ఎత్తే శక్తి అంత తగ్గుతుంది.

2. పంపు పెద్దదైతే?

పెద్ద పంపు నిమిషానికి ఎక్కువ ఆయిల్ పంపుతుంది కనుక బకెట్టు త్వరగా లేస్తుంది. ఎక్కువ బరువు మాత్రం ఎత్తదు. ఇంజను వేగం పెంచినా ఇంతే. ఒత్తిడి ఎంతవరకు పోవాలో నిర్ణయించేది రిలీఫ్ వాల్వు.

6 సెంటీమీటర్ల సిలిండరు వేస్తే అదే ఒత్తిడికి బలం 44 శాతం పెరుగుతుంది. ఆయిల్ కూడా అంత ఎక్కువ కావాలి కనుక బకెట్టు నెమ్మదిగా లేస్తుంది. పైగా చేతులు, పిన్నులు, ముందు ఇరుసు పాత బలానికే తయారైనవి. లోడరు తయారీదారు ఒప్పుకుంటే తప్ప ఈ మార్పు చేయరాదు.

3. వరుసగా చూడవలసినవి

మొదట ఆయిల్ చూడండి. మట్టం సరిగా ఉన్నదా? పాలలో నీళ్లు కలిస్తే కనిపెట్టే మనకు ఇది కష్టం కాదు: ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరింది, నురుగు వస్తే గాలి పీల్చుతోంది. ఫిల్టరు పూడుకుపోతే పంపు రొద చేస్తుంది.

పొద్దున బాగా ఎత్తి, ఆయిల్ వేడెక్కాక ఎత్తకపోతే పంపు గానీ సీళ్లు గానీ అరిగినట్లు అనుమానించాలి. వేడికి పలచబడిన ఆయిల్ సందుల్లో నుంచి జారిపోతుంది.

తరువాత గేజి. బకెట్టు నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి ఒత్తిడి వదిలిన తరువాతే 250 కిలోల గేజి బిగించాలి. ఆయిల్ వేడెక్కాక ఖాళీ బకెట్టును పూర్తిగా ఎత్తి, లివరు రెండు మూడు సెకన్లు మాత్రం పట్టి అంకె చూడాలి. పుస్తకంలో ఉన్న అంకె వస్తే పంపు, వాల్వు బాగున్నట్లే. తగ్గితే ఫిల్టరు, రిలీఫ్ వాల్వు, పంపు ఈ వరుసలో చూడాలి.

ఆయిల్ కారే చోటును చేత్తో తడమవద్దు. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. సన్నని ధార చర్మంలోకి దూరితే నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

4. స్క్రూ బిగించవద్దు

మరొక ఊరిలో గేజి లేకుండానే రిలీఫ్ వాల్వు స్క్రూ బిగించారు. రెండు రోజులు బాగానే ఎత్తింది. మూడవ రోజు హోస్ పైపు పగిలి, నిండు బకెట్టు ఒక్కసారిగా కింద పడింది. అరక్షణం ముందు పక్కకు జరిగినందువల్ల కూలి కుర్రవాడు బ్రతికాడు. ఎత్తిన బకెట్టు కింద ఎవరినీ నిలబడనివ్వకండి.

5. బరువు కూడా లెక్క వేయండి

ఘనమీటరులో ఐదింట రెండు వంతులు పట్టే బకెట్టులో తడి పెంట సుమారు 400 కిలోలు ఉంటుంది. అదే బకెట్టులో తడి ఇసుక 700 కిలోలు దాటుతుంది. పెంట ఎత్తే లోడరు ఇసుక ఎత్తలేదంటే అది జబ్బు కాదు. సగం బకెట్టు నింపండి. వెనుక చక్రాలు తేలుతుంటే పుస్తకంలో చెప్పిన బరువు వెనుక కట్టండి. పిన్నులకు గ్రీజు పెట్టడం మరవకండి.

ఇక మొదటి సంఘం సంగతి. పుస్తకంలో 150 ఉండగా గేజి 105 చూపింది. అంటే పది వంతుల బలంలో మూడు వంతులు పోయినట్లే. మెకానిక్కు రిలీఫ్ వాల్వు విప్పితే లోపల ఇరుక్కున్న చిన్న మట్టిపొలుసు దొరికింది. శుభ్రం చేసి, ఫిల్టరు, ఆయిల్ మార్చి మళ్లీ చూస్తే అంకె 150కి వచ్చింది. పంపు తీర్మానాన్ని తరువాతి సమావేశంలో రద్దు చేసుకున్నారు.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన లోడరు పుస్తకంలో ఒత్తిడి ఎంత అని ఉన్నది?
2. ఆయిల్, ఫిల్టరు చివరిసారి ఎప్పుడు మార్చారు? లాగు పుస్తకంలో రాశారా?
3. గేజి పెట్టి చూడకుండా మరమ్మతు ఖర్చుకు ఒప్పుకోవచ్చునా?