రబ్బరు పక్కన పెట్టు పాపా

ప్రొద్దుటూరు
ఆదివారం రాత్రి

చిరంజీవి పాపకు పెద్దనాయన దీవించి రాయునది. మీ పెద్దమ్మ మోకాలి నొప్పి మామూలే.

పొద్దున మీ నాయన జమ్మలమడుగు నుంచి వచ్చినాడు. అమ్మవారిశాలలో దండం పెట్టుకొని, ఇంటికొచ్చి, కాఫీ తాగుతా తాగుతా మెల్లగా బయటపెట్టినాడు. నువ్వు బీకాం మానేస్తానంటున్నావంట. చెప్పింది ఎవరంటే పులివెందుల హాస్టల్లో నీ పక్క మంచం పిల్ల వాళ్లమ్మ. ఆమెకు ఎవరు చెప్పినారో అడగలేదు. పుకార్లకు నేను పెద్దగా చెవి ఇయ్యను గానీ, దీనికి ముందే నీ ఉత్తరం వచ్చి ఉండాది కదా, ఆ రెండూ కలిపి చూసేసరికి మధ్యాహ్నం నిద్ర పట్టలా.

ఆ ఉత్తరంలో ఒక మాట రాసినావు. వీడియో చూస్తా ఉంటే అంతా అర్థమవుతాది పెద్దనాయనా, పెన్ను పట్టుకుంటేనే ఏమీ రాదు అని. నిజమే రాసినావు. మీ పెద్దమ్మ సంగటి కెలుకుతా ఉంటే ముప్పై ఎనిమిదేండ్లుగా పక్కన పీట వేసుకొని చూస్తా ఉండాను. బియ్యం ఎంత ఉడకాల, పిండి ఎప్పుడు పోయాల, తెడ్డు ఎట్ల తిప్పాల, నన్నడిగితే నిద్రలో కూడా చెప్తాను. మొన్న ఆమె పెండ్లికని కర్నూలు పోతే నేనే కెలికినాను. అన్నీ ఉండలే, అడుగంతా మాడు. కుక్క కూడా వాసన చూసి పోయింది. నీకు అకౌంట్స్ రాదని ఎవరన్నారు? నువ్వు ఇంకా తెడ్డు పట్టుకోలేదు, అంతే.

ఇంటర్లో చిట్టా, ఆవర్జా, అంకణా అని తెలుగులో చదివి, డిగ్రీకొచ్చినాక జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అనేసరికి బెదిరినానని కూడా రాసినావు. ఆ బెదురు నాకు అర్థమవుతాది. అయితే అవి మన అంగళ్లలో ఎప్పటినుంచో తిరుగుతున్న వస్తువులే, చొక్కాలు మార్చుకున్నాయి. దానికి నెల పడతాది. నా బాధ దాన్ని గురించి కాదు.

నా బాధ నీ రబ్బరు.

మీ నాయన సెల్లులో నీ నోటుబుక్కు ఫోటో చూపించినాడు. ఫైనల్ అకౌంట్స్ లెక్క. వేళ్లతో పెద్దది చేసి చూసినాను. స్కేలు పెట్టి గీసిన గీతలు మీ జేజి ముగ్గు మాదిరి ముచ్చటగా ఉండాయి. ఆస్తి అప్పుల పట్టీ రెండు పక్కలా 86,300. పుస్తకం వెనక జవాబు కూడా అదేనంట. మీ నాయన మురిసిపోయినాడు. నాకు మాత్రం ఆ రెండు మొత్తాల కింద కాగితం నల్లబడి, పోగులు లేచి కనిపించింది. ఊరుకోలేక వేరే కాగితం తీసుకొని కూడినాను. అప్పుల పక్క 85,100 వచ్చింది. ఆస్తుల పక్క 87,500. మళ్లా కూడినా అంతే. మూడోసారి కూడబోతే మీ పెద్దమ్మ అన్నానికి కేకేసింది.

తేడా 2,400. తేడా వస్తే మొట్టమొదట దాన్ని సగం చేసి చూడాల, ఎందుకంటే ఒక మొత్తం పడాల్సిన పక్క పడక ఎదుటి పక్క పడితే తేడా రెండింతలు చూపిస్తాది. సగం 1,200. సర్దుబాట్లలో 1,200 యాడుందా అని చూసినాను. ఉండాది: మార్చి నెల జీతాలు ఇంకా చెల్లించలేదు. లాభనష్టాల ఖాతాలో జీతాలకు కలిపినావు, సరిగ్గా చేసినావు. పట్టీకొచ్చేసరికి దాన్ని తీసుకపోయి ఆస్తుల కింద పెట్టినావు. మనం ఇయ్యాల్సిన బాకీ మనకు ఆస్తి ఎట్లయితాది పాపా? (గుమాస్తాలకు నిలబెట్టిన జీతం షావుకారుకు ఆస్తే అని మేమూ ఆ కాలంలో అనుకుండేవాళ్లంలే.) ఆ పక్క 1,200 పెరిగింది, ఈ పక్క 1,200 తగ్గింది. పుస్తకంలో జవాబు సరిగ్గా రెండింటి నడుమ కూచోనుండాది. నువ్వు ఆ 2,400ను అట్లే ఉండనిచ్చి ఉంటే నీ తప్పు యాడుందో అదే చెయ్యి పట్టుకొని చూపించేది. నువ్వేమో రబ్బరు పెట్టి చెరిపి దాని నోరు మూసినావు.

తప్పు చేసినందుకు నాకు కోపం లేదు. ఒట్టు.

నేను చదువు మాని ప్రొద్దుటూరు బట్టల అంగట్లో ఎందుకు చేరాల్సి వచ్చిందో నీకు తెలిసిందే, మళ్లా తవ్వను. జమ్మలమడుగులో పొద్దున మొదటి బస్సు, రాత్రి ఆఖరి బస్సు. సద్దిగిన్నెలో మీ జేజి కట్టిన కొర్రన్నం. మొదటి ఆరు నెలలు పుస్తకం ముట్టనియ్యలేదు, గుడ్డలు మడత పెట్టడమూ టీలు తేవడమే. తరువాత చిట్టాలో నుంచి ఆవర్జాకు ఎక్కించే పని ఇచ్చినారు. ఎర్రగుడ్డ అట్టల పొడుగు పుస్తకాలు, సిరా పెన్ను. ఒకరోజు ఒక రైతు ఖాతాలో 415 రాయాల్సింది 451 రాసినాను. భయమేసింది. గడ్డం గీసుకునే బ్లేడు సగానికి విరిచి, సిరా ఆరినాక మెల్లగా గోకి, గోటితో నున్నగా రుద్ది, పైన 415 రాసినాను. నా పనితనానికి నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం పెద్ద గుమాస్తా పుస్తకం తిరగేస్తా ఆ పేజీ దగ్గర ఆగినాడు. లేచి వాకిట్లోకి పోయి, ఆ కాగితాన్ని ఎండకు అడ్డంగా పట్టినాడు. అంకె ఉన్నచోట పలచబడి వెలుతురు వచ్చింది. ఆయన తిట్టలేదు. "నువ్వు తప్పు దిద్దినావా, డబ్బు దాచినావా, రేపు చూసేవాడికి ఎట్ల తెలుస్తాది?" అన్నాడు. అంతే.

ఆ రైతు శనక్కాయలు అమ్ముకొని బాకీ కట్టేదానికి వచ్చినాడు. ఖాతా చూపించమన్నాడు. గోకిన చోట వేలు పెట్టినాడు. ముందు ఎంతుండె అన్నాడు. 451 ఉండె, తగ్గించినాం అని నేను చెప్తే నమ్ముతాడా? ముందు 315 ఉండిందేమో అని ఆయన అనుమానం. నేను తక్కువే చేసినా దొంగనైనాను. ఒక్క గీత కొట్టి, పాత అంకె కనపడేటట్టు ఉంచి, పైన సరైన అంకె రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి ఉంటే ఆ మనిషి నవ్వుకుంటా పోయుండేవాడు.

నీ పుస్తకంలో తప్పుల సవరణ అని ఒక పాఠమే ఉండాది కదా. ఫర్నిచర్ కొని కొనుగోళ్ల ఖాతాలో రాసేస్తే ఏం చేయమంటాది? చెరిపేయమంటాదా? ఫర్నిచర్ ఖాతాకు డెబిట్, కొనుగోళ్ల ఖాతాకు క్రెడిట్, కింద వివరణ. పాత తప్పు ఉన్నచోటే ఉంటాది, దాని పక్కన సవరణ ఉంటాది. అంత పెద్ద పాఠం రబ్బరుతో చదివితే ఏం లాభం? ఇదంతా పాతకాలం, ఇప్పుడన్నీ ట్యాలీలోనే అంటావేమో. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు మార్చినా ఎప్పుడు మార్చినారో తేదీతో సహా నిలిచిపోవాల. ఆ ఏర్పాటును ఆపేదానికి వీలుండకూడదు. కేంద్ర ప్రభుత్వం రూలు. నాకు ఆ సంగతి తెలిసిన రోజు మా పెద్ద గుమాస్తా శానాసేపు కళ్లముందర మెదిలినాడు. ఎండకు పట్టి చూసే పని ఇప్పుడు కంప్యూటరుకు నేర్పినారు.

సత్యం కంపెనీ సంగతి వినే ఉంటావు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు గారే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు, పట్టీలో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని. ముందు చిన్న తేడాగా మొదలైందే పోను పోను చెయ్యి దాటిపోయిందని కూడా అందులోనే రాసినాడు. మొత్తం ముందర రాసుకొని లోపలి అంకెలు దానికి సరిపెట్టడం అంటే అదే పాపా. నువ్వు 86,300 ముందర పెట్టుకొని...

సరే, ఇంతదూరం పోకుండా ఉండాల్సింది. మీ పెద్దమ్మ ఇది చదివి, హాస్టల్లో ఆకలికి మాడే పిల్లను పట్టుకొని సత్యం రాజుతో పోలుస్తావా అని అరుస్తా ఉండాది. ఏడవొద్దు. నువ్వు నాలుగోయేట ఎండాకాలం మా మిద్దె మీద పడుకొని చుక్కలు లెక్కపెట్టి, నడుమ నిద్రపోయి, పొద్దున లేచి 'పెద్దనాయనా, యాడ ఆపినాను?' అని అడిగినావు. ఆ పిల్లకు లెక్కలు రావంటే నేను నమ్మను.

రొంత నవ్వొచ్చే సంగతి చెప్తాను. అప్పట్లో మా అంగట్లో దీపావళి నుంచి దీపావళికి లెక్క. పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టి ఆరోజే తెరిచేవాళ్లం. ఆదాయపు పన్ను చట్టం మార్చి, అందరూ మార్చి 31కే ముగించాలన్నారు. దాంతో 1987 దీపావళికి తెరిచిన లెక్క 1989 మార్చి 31న మూసినాం. పదిహేడు నెలల పైన ఒక సంవత్సరం! నడుమ 1988 దీపావళికి పూజైతే చేసినాం, లెక్క మాత్రం మూయలేదు. అద్దె పదిహేడు నెలలది, తరుగుదల పన్నెండు నెలలకా ఇంకా ఎక్కువకా అని వాదులాట. చివరికి అంకణా తీస్తే 270 రూపాయల తేడా.

రెండు రాత్రులు వెతికినాం. 270 ఎవరి ఖాతాలోనూ లేదు. సగం 135, అదీ లేదు. మూడోరాత్రి నేను, దీన్ని అనామతు ఖాతాలో పెట్టేసి ఇండ్లకు పోదామన్నాను. సస్పెన్స్ అకౌంట్ అంటారే మీరు, అది. పెద్ద గుమాస్తా, "అనామతు ఖాతా సత్రం కాదప్పా, వచ్చిన ప్రతివాణ్ణీ పడుకోబెట్టేదానికి" అన్నాడు. తేడాను తొమ్మిదితో భాగించమన్నాడు. 30, శేషం లేదు. అంటే యాడనో రెండు అంకెలు తారుమారైనాయి. తొంభైతో కూడా పోతాది, మూడుసార్లు. అంటే నూర్ల స్థానంలో, పదుల స్థానంలో ఉన్న అంకెలు, ఒకదానికొకటి మూడు తేడా ఉన్నవి. 41, 52, 63, 74, 85 అట్లాంటివి మాత్రమే చూసుకుంటా పొమ్మన్నాడు. గంటలో దొరికింది. మాధవరం చీరలు తెచ్చే బేరగాడికి 1,850 జమ కట్టాల్సింది, 1,580 కట్టినారు. రాసింది ఎవరో చేతిరాత చూస్తే తెలిసిపోయింది. నేనే. ఆ అంకె మీద ఒక గీత కొట్టి సంతకం పెట్టినాను. రాత్రి రెండుగంటలకు బస్టాండు దగ్గర అందరం కారం దోసెలు తిన్నాం, అంగడి డబ్బుతోనే. పెద్ద గుమాస్తా మరుసటి దినం వాటికి కూడా వివరణ రాసినాడు: తేడా దొరికిన రాత్రి పలహారం.

ఇంక నువ్వు చేయాల్సింది. వీడియోలు చూడొద్దని చెప్పను, ఒకసారి చూడు. పుస్తకం వెనక జవాబుల పేజీలను దబ్బనంతో కుట్టేయి. నవ్వొద్దు, నిజంగానే కుట్టేయి. పెన్నుతోనే చేయి. పెద్ద లెక్కల జోలికి ఇప్పుడే పోకుండా పది పదిహేను వ్యవహారాలున్న చిన్న లెక్క తీసుకొని చిట్టా నుంచి పట్టీ దాకా నడుమ లేవకుండా తీసుకపో. కుదరకపోతే మళ్లా మొదటినుంచి రాయొద్దు, తేడాను పట్టుకొని వెనక్కి నడువు. అదే లెక్క మూడోరోజు ఒకసారి, వారం తరువాత ఒకసారి చూడకుండా చేయి. ఏ తప్పు ఎన్నిసార్లు చేసినావో నోటుబుక్కు చివర రాసుకో. నెల తిరిగేసరికి నీ తప్పులు నాలుగైదు రకాలే అని తేలుతాది. సీఏ చదవాలని ఒకప్పుడు అనేదానివి. దాని ఫౌండేషన్ పరీక్షలో మొదటి పేపరే అకౌంటింగ్, నూరు మార్కులు, మూడు గంటలు. నాలుగింట్లో ఒకదానికి టిక్కు పెట్టే పేపరు కాదది, రాసి చూపించాల్సిందే.

పుస్తకంలో లెక్కలు విసుగొస్తే నీ చుట్టూ చూడు. పులివెందుల చుట్టూ అరటి తోటలే కదా. కన్‌సైన్‌మెంట్ పాఠం బుర్రకెక్కలేదని రాసినావు, ఇట్ల అనుకో. పది టన్నుల అరటికాయ టన్ను 12,000 లెక్కన ఢిల్లీ ఏజెంటుకు పంపినారు. లారీ బాడుగ 18,000. మొత్తం 1,38,000. దారిలో ఎండకు వాడి, కుళ్లి ఎనిమిది క్వింటాళ్లు తగ్గింది. అది కాయ స్వభావం, ఎవరి తప్పూ కాదు, సాధారణ నష్టం. ఆ భారాన్ని మిగిలిన 9.2 టన్నులే మోయాల. టన్నుకు 15,000 పడతాది. అదే లారీ నడుమ దారిలో బోర్లా పడి రెండు టన్నులు పోతే? అది అసాధారణ నష్టం, దాన్ని మిగిలిన కాయ మీద రుద్దకూడదు, విడిగా తీసి లాభనష్టాల ఖాతాకు పంపాల. ఏ తోటలో కమీషన్ మనిషినైనా అడుగు, ఈ రెండింటికీ తేడా నీ లెక్చరర్ కంటే గట్టిగా చెప్తాడు.

మానేస్తావా, ఉంటావా అని నేను అడగను. ముందు ఆ 1,200ను దాని పక్కకు మార్చి, పాతది కనపడేటట్టే గీత కొట్టి, ఫోటో పంపు. నాకే పంపు, మీ నాయనకు వద్దు. దసరాకు వచ్చినప్పుడు అమ్మవారిశాల ఉత్సవం చూసి మా ఇంట్లోనే రెండుదినాలు ఉండిపో. నేను కుట్టి పెట్టుకున్న పాత ఆవర్జా ఒకటి ఉండాది, గోకిన పేజీ కూడా అందులోనే. చూపిస్తాను.

ఇట్లు
మీ పెద్దనాయన

తా.క. రేపు పొద్దున పులివెందుల బస్సులో తెలిసినాయన వస్తా ఉండాడు. ఆయన చేతికి డజను నీలం పెన్నులు, పొడుగు నోటుబుక్కు, ఐదునూర్లు ఇస్తా ఉండాను. మీ పెద్దమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. సీసా మూత సరిగ్గా పట్టడంలేదు, పడుకోబెట్టొద్దు.