కార్నిటీన్: డబ్బా మీద వెయ్యి, ఒంట్లోకి వంద

హాస్టల్లో జిమ్‌కి వెళ్ళేవాళ్ళ అలమారాల్లో ప్రోటీన్ డబ్బా పక్కన ఈమధ్య ఇంకో డబ్బా కూడా కనిపిస్తోంది. పేరు ఎల్-కార్నిటీన్. కొవ్వు కరిగిస్తుందనీ, ఎనర్జీ ఇస్తుందనీ దాని మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. ఒకరి డబ్బా మీద "టార్ట్రేట్", ఇంకొకరి డబ్బా మీద "ఎసిటైల్". ఈ రెండింటికీ తేడా ఏంటని అడిగితే "షాపులో ఇదే మంచిదన్నారు" అనే జవాబు వస్తుంది. నాది కెమికల్ బ్రాంచ్. ఇలాంటి పేర్లు కనిపిస్తే చదవకుండా ఉండలేను. చదివింది మీకూ చెబుదామని ఈ వ్యాసం.

పేరు ఎలా వచ్చింది?

1905లో గులెవిచ్, క్రిమ్‌బర్గ్ అనే రష్యన్ శాస్త్రవేత్తలు మాంసం సారం నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో మాంసాన్ని సూచించే మాట నుంచే కార్నిటీన్ అనే పేరు పుట్టింది. ఒక రకం పిండిపురుగు పెరగడానికి ఇది తప్పనిసరి అని తేలడంతో కొంతకాలం దీన్ని విటమిన్ బీ-టీ అని కూడా పిలిచారు. మనుషులకు మాత్రం ఇది విటమిన్ కాదు. లైసీన్, మెథియొనీన్ అనే అమైనో ఆమ్లాల నుంచి మన శరీరమే దీన్ని తయారుచేసుకుంటుంది. ఆ తయారీకి ఐరన్, విటమిన్ సి, బీ-6, నియాసిన్ కావాలి. ఈ ఐరన్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

70 కిలోల మనిషి ఒంట్లో మొత్తం కార్నిటీన్ సుమారు 20 గ్రాములు. అందులో 95 శాతం పైగా కండరాల్లోనే, గుండె కండరంతో కలిపి, ఉంటుంది. ఆహారంలో ఇది ఎక్కువగా ఎర్ర మాంసంలో దొరుకుతుంది. ఒక కప్పు పాలలో 8 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. "మరి మేం శాకాహారులం కదా, మాకు తక్కువవుతుందా?" అని అడిగేవాళ్ళున్నారు. ఆరోగ్యంగా ఉన్న శాకాహారికి ఆ భయం అక్కర్లేదు. శరీరం తయారుచేసుకుంటూనే ఉంటుంది, పైగా మూత్రపిండాలు దాన్ని బయటికి పోనీయకుండా వెనక్కి పట్టుకుంటాయి.

ఇది పంటు, సరుకు కాదు

నరసాపురం దగ్గర గోదావరి దాటినవాళ్ళకి పంటు తెలిసే ఉంటుంది. బళ్ళనీ మనుషుల్నీ ఎక్కించుకుని అవతలి రేవులో దించి, ఖాళీ అయ్యాక మళ్ళీ ఇటు వస్తుంది. మన కణంలో కార్నిటీన్ చేసే పని అచ్చం అదే.

కొవ్వు మండి శక్తిగా మారేది మైటోకాండ్రియా లోపల. పొడవాటి కొవ్వు ఆమ్లాలు దాని లోపలి పొరని సొంతంగా దాటలేవు. ఇవతలి రేవులో సీపీటీ-1 అనే ఎంజైమ్ కొవ్వు ఆమ్లాన్ని కార్నిటీన్‌కి తగిలిస్తుంది. పొరలో ఉన్న ఒక వాహక ప్రోటీన్ ఆ జంటని లోపలికి పంపిస్తుంది. అక్కడ సీపీటీ-2 సరుకుని విడదీస్తుంది. కార్నిటీన్ ఖాళీ పంటులా వెనక్కి వస్తుంది, మళ్ళీ పనికొస్తుంది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. కార్నిటీన్‌లో శక్తి లేదు, అది శక్తినిచ్చే సరుకుని మోస్తుందంతే. రేవులో సరిపడా పంటులు ఉన్నప్పుడు ఇంకో నాలుగు తెచ్చి కట్టినంత మాత్రాన సరుకు ఎక్కువ దాటదు. రవాణా ఎంత జరగాలో నిర్ణయించే గేటు సీపీటీ-1 దగ్గర ఉంది. కడుపునిండా అన్నం తిని, గ్లూకోజు పుష్కలంగా ఉంటే మలోనైల్-కోఏ అనే పదార్థం పెరిగి ఆ గేటుని మూస్తుంది. వ్యాయామం చేస్తే, ఒంట్లో శక్తి అవసరం పెరిగితే గేటు తెరుచుకుంటుంది. బాటిల్‌నెక్ ఎక్కడుందో చూడకుండా ఇంకోచోట కెపాసిటీ పెంచితే ఏమవుతుందో మనకి క్లాసులో చెప్పిందే కదా!

డబ్బాల మీద కనిపించే రకాలు

ఎల్-కార్నిటీన్: అసలు రూపం. ఇది గాలిలోని తేమని గబగబా పీల్చేసుకుంటుంది, పొడిగా ఉంచితే ముద్దయిపోతుంది. అందుకే ద్రవరూపంలో ఎక్కువగా అమ్ముతారు. డాక్టర్లు మందుగా రాసే లీవోకార్నిటీన్ కూడా ఇదే.

ఎల్-కార్నిటీన్ ఎల్-టార్ట్రేట్: చింతపండుకి పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లంతో కలిపి చేసిన లవణం. తేమకి తట్టుకుంటుంది కాబట్టి మాత్రలకీ పొడులకీ అనువు. జిమ్ సప్లిమెంట్లలో ఎక్కువగా ఉండేది ఇదే.

ఎసిటైల్-ఎల్-కార్నిటీన్: ఇది రక్తం నుంచి మెదడులోకి దాటగలదు. అందుకని షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చే నొప్పికీ, వయసు మీదపడ్డాక వచ్చే మతిమరుపుకీ దీన్ని పరీక్షించారు. ఫలితాలు ఒకేలా లేవు. పరీక్షల ముందు రాత్రి వేసుకుంటే సిలబస్ గుర్తుంటుందనడానికి ఆధారం లేదు.

ప్రొపియోనైల్-ఎల్-కార్నిటీన్: కాళ్ళ రక్తనాళాలు సన్నబడి, కొంచెం నడవగానే పిక్కలు పట్టేసేవాళ్ళ మీద పరీక్షించిన రకం. కొన్ని పరీక్షల్లో వాళ్ళు నడవగలిగే దూరం పెరిగింది.

డీ-కార్నిటీన్: ఎల్ రూపానికి అద్దంలో ప్రతిబింబం. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్టే ఇది మన ఎంజైములకి పట్టదు. ఊరికే ఉన్నా బాగుండేది, కానీ అసలు కార్నిటీన్ కణంలోకి వెళ్ళే దారికి అడ్డుపడుతుంది. డీ, ఎల్ కలిసిన మిశ్రమం వాడిన డయాలసిస్ రోగుల్లో కండరాలు బలహీనపడిన సందర్భాలున్నాయి. డబ్బా మీద "ఎల్" అనే అక్షరం ఉందో లేదో చూడమనేది ఇందుకే.

ఇప్పుడు లెక్క చేద్దాం

డబ్బా మీద "ఎల్-కార్నిటీన్ ఎల్-టార్ట్రేట్ 1000 మి.గ్రా." అని ఉందనుకోండి. కార్నిటీన్ అణుభారం 161.2. ఈ లవణంలో రెండు కార్నిటీన్లకి ఒక టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, మొత్తం అణుభారం 472.5. అంటే కార్నిటీన్ వాటా 322.4 బై 472.5, సుమారు 68 శాతం. వెయ్యిలో 682 మి.గ్రా. మాత్రమే కార్నిటీన్.

అదంతా రక్తంలోకి వెళ్తుందా? ఆహారంలోని కార్నిటీన్‌లో సగానికి పైగా ఒంటికి పడుతుంది. సప్లిమెంటుగా పెద్ద మోతాదులో మింగితే పట్టేది 14 నుంచి 18 శాతమే. 682లో అది 95 నుంచి 123 మి.గ్రా. ఒంట్లో ముందే ఉన్న 20 గ్రాముల్లో ఇది అర శాతం పైచిలుకు. అందులోనూ అదనంగా ఉన్నదాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి.

మిగిలింది పేగుల్లోని బ్యాక్టీరియాకి భోజనం. అవి దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి. కుళ్ళిన చేప వాసన దానిదే. రోజుకి 3 గ్రాములు దాటితే వికారం, విరేచనాలతో పాటు ఒంటి నుంచి ఆ వాసన కూడా రావచ్చు. కాలేయం దాన్ని టీఎంఏఓ అనే పదార్థంగా మారుస్తుంది. దీనికీ గుండె రక్తనాళాల జబ్బులకీ సంబంధం ఉండొచ్చని 2013లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు చూపించారు.

మరి బరువు తగ్గుతారా? 2000లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో అధిక బరువున్న మహిళలు రోజుకి 4 గ్రాముల చొప్పున 8 వారాలు వాడుతూ నడిచారు. వాడని గుంపుకీ వాళ్ళకీ తేడా రాలేదు. 37 పరీక్షల్ని కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో సగటున 1.2 కిలోలు తగ్గినట్టు తేలింది. అంటే ప్రభావం అసలు లేదనలేం, కానీ చాలా చిన్నది.

కండరంలో కార్నిటీన్ పెంచడం సాధ్యమేనని ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ పరిశోధకులు 2011లో చూపించారు. ఎలాగంటే, రోజుకి రెండుసార్లు 2 గ్రాముల టార్ట్రేట్, ప్రతిసారీ దాంతోపాటు 80 గ్రాముల పిండిపదార్థం, అలా 24 వారాలు. పెరిగింది 21 శాతం. రోజుకి 160 గ్రాముల పిండిపదార్థమంటే 640 క్యాలరీలు. కొవ్వు కరిగించుకోవాలనుకునేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

నిజంగా ఎవరికి కావాలి?

కార్నిటీన్‌ని కణంలోకి తీసుకెళ్ళే ప్రోటీన్ పుట్టుకతోనే పనిచేయనివాళ్ళున్నారు. అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో ఈ లోపం సుమారు 300 మందిలో ఒకరికి ఉంది. వాళ్ళకి ఇది సప్లిమెంట్ కాదు, గుండె ఆగకుండా కాపాడే మందు. దీర్ఘకాలం డయాలసిస్‌లో ఉండి లోపం వచ్చినవాళ్ళకీ, ఫిట్స్ మందు వాల్ప్రోయేట్ విషప్రభావం చూపినప్పుడూ డాక్టర్లు ఇస్తారు. అదే ఫిట్స్ ఉన్నవాళ్ళు సొంతంగా వాడితే ఫిట్స్ పెరిగే ప్రమాదం ఉంది. థైరాయిడ్ మాత్రలు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు కూడా డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు.

నా రూమ్మేట్ సంగతి, తను ఒప్పుకున్నాడు కాబట్టి, చెప్తాను. రెండు నెలలు రాత్రి మెస్‌కి రాకుండా ఈ డబ్బాతో గడిపాడు. మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం. "ఎనర్జీ కోసమే కదరా వాడుతున్నా" అనేవాడు. చివరికి రక్త పరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 9. వాడికి కావలసింది ఐరన్, అన్నం. కార్నిటీన్ తయారీకి కూడా ఐరనే కావాలని పైన చెప్పాను కదా. డబ్బా వాడికి నేరుగా హాని చేయలేదు. అసలు కారణం వెతకాల్సిన రెండు నెలల్ని మాత్రం తినేసింది.

అందుకని, డబ్బా కొనేముందు మూడు చూడండి: ఏ రూపం, అందులో కార్నిటీన్ వాటా ఎంత, మీరు వాడే మందులతో దానికి పడుతుందా. నీరసం రెండు వారాలు దాటితే మాత్రం షాపుకి వెళ్ళకండి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. దానికయ్యే ఖర్చు డబ్బా కన్నా చాలా తక్కువ.