టెక్సాస్‌లో ఫైర్‌ఫైటర్ కొడుక్కి పిన్ని ఉత్తరం

చిరంజీవి చిన్నాకి, పిన్ని ఆశీస్సులు.

నువ్వు ఫైర్ స్టేషన్‌లో చేరావని అక్క ఫోన్‌లో చెప్పి మురిసిపోయింది. ఆ వెంటనే, "ఓవర్‌టైమ్ బాగా వస్తుందట, పెద్ద ట్రక్ చూస్తున్నాడు" అంది. నేను పేరోల్‌లో పనిచేసేదాన్ని కదా, గుండె గుభేల్మంది.

గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకి మామూలుగా వారంలో 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్. మీకు ఫెడరల్ చట్టం వేరే లెక్క పెట్టింది. మీ డిపార్ట్‌మెంట్ 28 రోజుల లెక్క పాటిస్తుంటే, 212 గంటలు దాటాకే ఒకటిన్నర రేటు. ఒక రోజు డ్యూటీ, రెండు రోజులు సెలవు అనుకో. ఆ 28 రోజుల్లో 9 షిఫ్టులు పడితే 216 గంటలు, ఓవర్‌టైమ్ నాలుగే. 10 పడితే 240 గంటలు, ఓవర్‌టైమ్ 28. అందుకే ఒకసారి చెక్కు లావుగా, ఇంకోసారి బక్కగా వస్తుంది. (24 గంటల షిఫ్టులో స్టేషన్‌లో కునుకు తీసినా అది పనిగంటే, భయపడకు.) సిక్ లీవ్ పెట్టిన షిఫ్టు మాత్రం చట్టం లెక్కలోకి రాదు. యూనియన్ ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ సంగతి వేరు.

ఇక "ఓవర్‌టైమ్‌కి పన్ను లేదు" అని మీ స్టేషన్‌లో అందరూ అంటూనే ఉంటారు. సగమే నిజం. నీ రేటు గంటకు 30 డాలర్లయితే ఓవర్‌టైమ్ గంటకు 45. 2025 నుంచి 2028 దాకా ఇచ్చిన మినహాయింపు ఆ పైన కలిసే 15 డాలర్లకే. 28 గంటలకు 1,260 డాలర్లు వస్తే ఆదాయంలోంచి తగ్గించుకునేది 420. అదీ చట్టప్రకారం ఇచ్చి తీరాల్సిన ఓవర్‌టైమ్ అయితేనే. పెళ్లికానివాడివి కాబట్టి ఏడాదికి 12,500 మించదు. మెడికేర్ 1.45 శాతం ఎలాగూ కోస్తారు. మీ సిటీ సోషల్ సెక్యూరిటీలో ఉంటే ఇంకో 6.2 శాతం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు, అదొక్కటే నీ అదృష్టం.

పెన్షన్ సంగతీ అడుగు. ఓవర్‌టైమ్‌ని అన్నిచోట్లా పెన్షన్ లెక్కలోకి తీసుకోరు. మీ దగ్గరి నియమం హెచ్ఆర్ నుంచి కాగితం మీద తీసుకో.

ట్రక్ వాయిదా బక్క చెక్కులోంచి కట్టగలిగితేనే తీసుకో, లేదంటే ఆగు. మొదటి పే స్టబ్ రాగానే ఫొటో పంపు. గంటలు, రేటు, కోతలు నేను చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పిన్ని