వాడిన స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలలో తుప్పు పగుళ్ల అంచనా

చిత్తూరు ప్రాంతపు మామిడి గుజ్జు పరిశ్రమ వంటి పండ్ల ప్రాసెసింగ్ రంగాలలో ఆవిరి జాకెట్టు గల స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రల వినియోగం అధికం. కొత్త పాత్రల ధర భరించలేని చిన్న యూనిట్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు వాడిన పాత్రలను కొనుగోలు చేయడానికి మొగ్గు చూపుతాయి. అటువంటి సందర్భంలో రేకు మెరుపును, మందాన్ని మాత్రమే చూసి నిర్ణయించడం ప్రమాదకరం. ఒత్తిడి తుప్పు వలన ఏర్పడే పగుళ్లు రేకు మందాన్ని తగ్గించకుండానే లోనికి చొచ్చుకుపోతాయి.

పగుళ్లకు కారణాలు

క్లోరైడు, లోహంలోని లాగుడు ఒత్తిడి, వేడి అనే మూడు అంశాలు కలిసినప్పుడు ఈ పగుళ్లు ఏర్పడతాయి. 304, 316 రకాల స్టీలులో 60 డిగ్రీల సెల్సియస్ పైబడిన ఉష్ణోగ్రతల వద్ద ఈ ముప్పు ఎక్కువ. వెల్డింగు తరువాత లోహంలో మిగిలిపోయే ఒత్తిడి ఇందుకు సరిపోతుంది. 316 రకంలోని 2-3 శాతం మాలిబ్డినం కొంత రక్షణ ఇచ్చినా పూర్తి అభయం ఇవ్వదు. నీటిలో క్లోరైడు స్వల్పంగా ఉన్నప్పటికీ, నీరు ఆవిరయ్యే చోట అది గాఢమవుతుంది. అందువలన తడిసిన ఉష్ణనిరోధక పొర కింది భాగం, జాకెట్టు లోపలి వైపు, వెల్డు అంచులు ముఖ్యంగా పరిశీలించవలసిన స్థానాలు.

పరీక్షా విధానం

మొదట పాత్రలో ఏ పదార్థాన్ని, ఎంత వేడి వద్ద ఉడికించారో, ఏ రసాయనంతో శుభ్రపరిచారో తెలుసుకోవాలి. ఉష్ణనిరోధక పొరను తొలగించి బయటి ఉపరితలాన్ని కూడా చూడాలి. తరువాత డై పెనిట్రెంట్ పరీక్ష చేయాలి. శుభ్రపరచిన ఉపరితలంపై ఎర్ర రంగు ద్రవాన్ని పూసి, తయారీదారు సూచించిన సమయం వరకు ఉంచి, అదనపు రంగును గుడ్డతో తుడిచివేయాలి. ద్రావకాన్ని నేరుగా చల్లితే పగులులోని రంగు కూడా కొట్టుకుపోతుంది. తెల్లని డెవలపర్ చల్లిన తరువాత కొమ్మలుగా చీలిన ఎర్ర గీతలు కనిపిస్తే ఒత్తిడి తుప్పును అనుమానించాలి. పరీక్షకు ముందు ఉపరితలాన్ని గ్రైండింగ్ చేస్తే పగులు నోరు మూసుకుపోయి లోపం దాగిపోవచ్చు.

ఈ పరీక్ష ఉపరితలానికి తెరుచుకున్న పగుళ్లను మాత్రమే చూపుతుంది, లోతును తెలుపదు. జాకెట్టు లోపలి పగుళ్లకు శిక్షణ పొందిన నిపుణునిచే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాలి.

నిర్ణయం

లోతు తక్కువైన ఒంటరి పగులును క్రమంగా గ్రైండ్ చేసి, మరల పరీక్షించి, మిగిలిన మందం డిజైను కనిష్ఠానికి తగ్గకుంటే పాత్రను వాడుకోవచ్చు. కొమ్మలు విస్తరించిన పగుళ్లపై వెల్డింగు చేయరాదు. ఆ వేడికి పగులు మరింత సాగి, కొత్త ఒత్తిడి చేరుతుంది. ఆ భాగాన్ని కోసి మార్చాలి, లేదా పాత్రను తిరస్కరించాలి. రేకును పూర్తిగా చీల్చని పగులు నీటి పీడన పరీక్షను తట్టుకొనవచ్చు. కనుక ఆ పరీక్షలో నెగ్గడం పాత్ర భద్రతకు నిదర్శనం కాదు. ఆవిరి పీడనం కింద పనిచేసే కార్మికుల ప్రాణరక్షణ దృష్ట్యా విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పరీక్షలను కొనుగోలుకు ముందే జరిపించేలా సంఘాలకు సూచించాలి.