జీరంగికి శాస్త్రనామమిచ్చు వృత్తి

తొలకరి వానలకు తుమ్మచెట్లు చిగిర్చిన దినములలో తెలుగు పల్లెల పిల్లలు కొమ్మకొమ్మయు వెదకి పట్టి, అగ్గిపెట్టెలో తుమ్మాకు మేతవేసి పెంచుకొను పచ్చని జీరంగి, బుప్రెస్టిడే అను మహాకుటుంబమునకు చెందినది. ఈ కుటుంబమున ఇంతవరకు వర్ణింపబడిన జాతులు సుమారు 15,000. ఇట్టి కీటకములను జాతులుగా విభజించి, లక్షణములు వర్ణించి, నామకరణము చేయు విద్య జీవనోపాధి కాగలదా యని నాందేడు కళాశాలలలో జంతుశాస్త్రము చదువు విద్యార్థి యడిగినచో, తప్పక కాగలదనియు, అయితే ఓర్పు లేనివారికి మాత్రము కాదనియు నిస్సంకోచముగా చెప్పుదును.

2002లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున యాష్ వృక్షములు కారణము తెలియక ఎండిపోవుచుండగా, వాని బెరడు క్రింద దొరకిన పచ్చని పురుగేదో అచ్చటివారు నిర్ణయింపజాలరైరి. నమూనాలు స్లొవేకియాలోని ఎడ్వర్డ్ యెండెక్ అను నిపుణుని చేరిన పిమ్మటనే, అది తూర్పు ఆసియాకు చెందిన అగ్రిలస్ ప్లానిపెన్నిస్ అనియు, 1888లో ఫెయిర్‌మేర్ వర్ణించిన జాతియే యనియు తేలెను. అప్పటికే అది పాతుకొనిపోయి యుండుటచే కోట్లకొలది చెట్లు నశించినవి. శత్రువు పేరు తెలియనిదే దాని జన్మదేశము, జీవితచక్రము, సహజశత్రువులు తెలియవు. ఇదియే ఈ విద్యకుగల ప్రయోజనము. మన ప్రత్తి కాండమును తొలుచు స్ఫెనాప్టెరా గాసిపీ కూడ ఈ కుటుంబములోనిదే గనుక, నల్లరేగడిలో ప్రత్తి పండించు నాందేడు రైతునకు ఇది పరాయి విషయము కాదు.

ఇక పని స్వరూపము. జీరంగి తళుకు రంగుపదార్థము వలన గాక, పెంకులోని పలుచని పొరలపై కాంతి ప్రతిఫలించుట వలన కలుగునది. అందుచేతనే చచ్చిన పిదప దశాబ్దములు గడచినను మాయదు. కొత్తగా చేరినవారు ఈ రంగునే నమ్మి మోసపోవుదురు. ఒకే జాతిలో పచ్చనివి, రాగిచాయవి ఉండవచ్చును. 3,000కు మించిన జాతులుగల అగ్రిలస్ ప్రజాతిలోనైతే బాహ్యరూపమున భేదమే కానరాని రెండు జాతులను మగపురుగు జననాంగమును బట్టియే వేరుపరుపవలసివచ్చును. ఎండిన నమూనాను తేమగల పెట్టెలో మెత్తపరచి, ఆ సూక్ష్మావయవమును వెలికిదీసి, క్షారద్రావణమున శుభ్రపరచి, సూక్ష్మదర్శిని క్రింద చిత్రించుటకు ఒక పూట పట్టును. పెద్ద పురుగునకు సూది కుడి పెంకురెక్కలో గుచ్చవలెను. చిన్నదానిని అట్టముక్క కొనపై అంటించవలెను. క్రింద చీటీపై ఊరు, తేదీ, ఆశ్రయించిన చెట్టు, సేకరించినవారి పేరు లేనిచో ఎంత అందమైన పురుగైనను శాస్త్రమునకు అక్కరకు రాదు.

నాందేడులో 1994లో స్థాపితమైన స్వామి రామానందతీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము గాని, పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయమున కీటకశాస్త్రము గాని స్నాతకోత్తర స్థాయిలో చదివి, నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయల భృతి గలదు. 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, దాని పుణే, హైదరాబాదు కేంద్రములు, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, ఓడరేవులలోని సస్య క్వారంటైన్ శాఖ ఈ విద్యకు స్థానములు. కేవల వర్గీకరణకే కేటాయించిన ఉద్యోగములు స్వల్పమన్న మాట దాచరాదు. కనుక డీఎన్ఏ బార్‌కోడింగ్‌నో, పంటల కీటకశాస్త్రమునో జతగా నేర్చుట వివేకము.

సాధనను పొలముగట్టు తుమ్మచెట్టుతోనే ఆరంభింపవచ్చును గాని, అభయారణ్యమున అటవీశాఖ అనుమతి లేక ఒక్క పురుగునైనను పట్టరాదు. కొత్తజాతి దొరకినచో అంతర్జాతీయ జంతునామకరణ నియమావళి ననుసరించి హోలోటైప్ అను ఏకైక ప్రామాణిక నమూనాను నిర్ణయించి ప్రకటింపవలెను; 2002 నాటి జీవవైవిధ్య చట్టమును బట్టి ప్రభుత్వము గుర్తించిన నిక్షేపాలయమునకు ఆ సంగతి తెలిపి, నమూనాను అచ్చట భద్రపరుపవలెను.