సాంకేతికోద్యోగపు ఎంపిక: గ్రామ యువకునకు పంచాయతీ చేయదగిన సాయము

ఐ. టి. ఐ. లోను, పాలిటెక్నిక్కులోను చదివిన యువకులు నేడు మన గ్రామములలో పెక్కురు కలరు. పని నేర్చియు కొందరు ఉద్యోగపు ఎంపికలో వెనుకబడుచున్నారు. ఎంపిక ఏ తీరున జరుగునో తెలియకపోవుట ఇందుకొక ముఖ్య కారణము. ఈ విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొని యువకులకు తెలుపవలెను.

ఎంపికలోని దశలు

ఫిట్టరు పని నేర్చిన రైతుబిడ్డ యొకడు ఒక కర్మాగారమునకు దరఖాస్తు పెట్టినాడనుకొందము. మొదట వ్రాతపరీక్ష యుండును. ఇది ఇప్పుడు తరచుగా కంప్యూటరుపై జరుగుచున్నది.

తరువాత చేతిపని పరీక్ష. ఒక ఇనుపముక్క నిచ్చి, పటములో చూపిన కొలతకు ఆకురాయితో అరగదీయుమందురు. మూలలు 90 డిగ్రీలకు సరిగా నున్నవో లేవో మూలమట్టముతో చూతురు. సామాన్యముగా వాడు వెర్నియరు కాలిపరు 0.02 మిల్లీమీటరు వరకు కొలత చూపును. ఆ కొలత చదువనేరని వానికి చేతిబలమెంత యున్నను పని సాగదు.

పిమ్మట నిపుణుల యెదుట మౌఖిక పరీక్ష. "డ్రిల్లింగు యంత్రము నడుపునప్పుడు చేతితొడుగులు ఏల వేసికొనరాదు?" అని యడుగవచ్చును. తిరుగుచున్న బర్మాకు తొడుగు చిక్కుకొనిన చేతిని లోనికి లాగివేయును. ఈ కారణము చెప్పగలవాడే పని తెలిసినవాడు. వల్లించిన జవాబు రెండవ ప్రశ్నకు నిలువదు. తెలియని దానిని "తెలియదండీ" యనుట దోషము కాదు. కల్పించి చెప్పుటయే దోషము. ఇంగ్లీషు తడబడినచో, తెలుగులో చెప్పుటకు అనుమతి వినయముగా అడుగవచ్చును.

దళారుల మాట నమ్మరాదు

"ఇంటర్వ్యూలో మార్కులు వేయించెదను" అని సొమ్ము గుంజువారు కలరు. కేంద్ర ప్రభుత్వములో గెజిటెడు కాని బి తరగతి ఉద్యోగములకు, సి తరగతి ఉద్యోగములకు 2016 జనవరి 1 నుండి మౌఖిక పరీక్షయే తీసివేయబడినది. చేతిపని పరీక్ష ఉన్నను అది అర్హత కొరకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయముల ఇంజనీరింగు సహాయకుల ఎంపికయు మౌఖిక పరీక్ష లేకయే జరిగినది. లేని పరీక్షలో మార్కులు వేయించువాడెవడు? ఇట్టి మాట నమ్మి పొలము తాకట్టు పెట్టిన కుటుంబమునకు ఉద్యోగమును రాదు, పొలమును దక్కదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఉద్యోగ ప్రకటనలను, దరఖాస్తు గడువులను పంచాయతీ కార్యాలయపు పలకపై అతికింపవలెను.

2. పదవతరగతి పత్రములోని పేరు, పుట్టినతేదీ తక్కిన పత్రములలోను ఒకే తీరున నున్నవో లేవో ముందే చూపించుకొనుమని చెప్పవలెను.

3. గ్రామములోని విశ్రాంత మెకానిక్కునో, లైన్‌మన్‌నో కూర్చుండబెట్టి, అభ్యర్థులచే బిగ్గరగా జవాబులు చెప్పించు అభ్యాసము పెట్టవలెను. ఆడపిల్లలను కూడ పిలువవలెను.

4. ఉద్యోగమునకై ఎవరైన సొమ్మడిగినచో వెంటనే పోలీసులకు తెలుపవలెను.

వీనికి పెద్ద ఖర్చు లేదు. నెలకొక సాయంకాలము కేటాయించిన చాలును. చేతిలో పనియున్న బిడ్డ భయము లేక పరీక్షకు పోగలిగిన, ఆ కుటుంబము నిలుచును. గ్రామమునకును అది మేలు.