కొండ మీది నీళ్లకు కట్ట ఎవరు కట్టారు?

పురసవాక్కం, చెన్నై

సింధూ,

సెప్టెంబరులో స్నేహితులతో కలిసి ఉత్తరాఖండ్‌లోని హేమ్‌కుండ్ సరస్సుకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది గురుద్వారాలో దణ్ణం పెట్టుకుని, ఫొటో తీసుకుని దిగిపోతారు. నువ్వు మాత్రం ఒడ్డున కాసేపు కూర్చుని రెండు సంగతులు ఆరా తీయాలి. ఇంత ఎత్తులో ఈ గుంట ఎలా పడింది? పడిన నీళ్లు పల్లానికి పోకుండా ఎందుకు ఆగాయి?

మన ఊళ్లో దీనికి జవాబు తేలిక. పల్లానికి అడ్డంగా మట్టికట్ట, నీళ్లు వదలడానికి తూము, నిండితే పొర్లిపోవడానికి కలుజు. 1876 నాటి రెడ్‌హిల్స్ చెరువైనా, 1944లో కట్టిన పూండి జలాశయమైనా మనుషుల చేతిపనే. నెల్లూరు జిల్లా కండలేరు నుంచి 1996లో కృష్ణా నీళ్లు పూండికి చేరాయంటే, అదీ కట్టలూ కాలువల పుణ్యమే.

హిమాలయాల్లో ఈ పని మంచు చేసింది.

ఏళ్ల తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే నలిగి గట్టి గడ్డవుతుంది. అలా పేరుకున్న హిమానీనదం వాలు మీద మెల్లగా జారుతుంది. బండల పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి రాళ్లను పెళ్లగిస్తుంది. ఆ రాళ్లు మంచు అడుగున చిక్కుకుని, ఉప్పుకాగితంలాగా నేలను అరగదీస్తాయి. కొండ ఒడిలో గుంట లోతవుతుంది, ముందువైపు అంచు మాత్రం ఎత్తుగా మిగులుతుంది. వాతావరణం వేడెక్కి మంచు వెనక్కి తగ్గాక కరిగిన నీళ్లు అందులో నిలుస్తాయి. అలాంటి చిన్న సరస్సును భూగోళ శాస్త్రంలో టార్న్ అంటారు. ఇలాంటి చోట బండల మీద ఒకే దిక్కుకు సాగే గీతలు కనిపిస్తే, అవి మంచు ఈడ్చుకెళ్లిన రాళ్ల గుర్తులు. కొన్ని సరస్సులు పాలు కలిసిన నీలంగా కనిపించడానికి కారణం, ఆ అరుగుడులో పుట్టిన రాతిపిండి నీళ్లలో తేలుతూ ఉండటమే.

అన్ని కొండ సరస్సులకూ గట్టి బండే అంచుగా ఉండదు. కొన్నింటికి హిమానీనదం తోసుకొచ్చి పోసిన రాళ్లూ మట్టీ కలిసిన దిబ్బే కట్ట. దాన్ని మొరైన్ అంటారు. దాన్ని ఎవరూ దిమ్మిస చేయలేదు, దానికి కలుజు కట్టలేదు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి వరద గుడి చుట్టూ ఉన్న ఊరి మీద పడింది. 2023 అక్టోబరులో సిక్కింలోని సౌత్ ల్హోనాక్ సరస్సులోకి మొరైన్ జారిపడి పుట్టిన వరద చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా-3 ఆనకట్టనే ఊడ్చేసింది. హేమ్‌కుండ్‌లో నీళ్లు బయటికి పోయేచోట నిలబడి, ఆ అంచు ఒకే బండో రాళ్లపోగో నువ్వే చూసి నాకు రాయి.

తెలుగునేల మీద మంచు లేదు కాబట్టి వేరే శక్తులు ఆ పని చేశాయి. గోదావరి, కృష్ణ డెల్టాల నడుమ మిగిలిపోయిన పల్లం కొల్లేరయింది. సముద్రం వేసిన ఇసుక మేటకు వెనక పులికాట్ నిలిచింది, ఆ మేటే శ్రీహరికోట.

ఇక ప్రయాణం. చెన్నై సముద్రమట్టంలో ఉంది, హేమ్‌కుండ్ 4,000 మీటర్లకు పైన. అక్కడ ప్రాణవాయువు మనకు అలవాటైనదానిలో 60 శాతం దగ్గర్లోనే ఉంటుంది. కొండ కింది గోవింద్‌ఘాట్ నుంచి ఒక్క ఊపున ఎక్కెయ్యాలని చూడకు. దారిలో ఉన్న ఘాంఘరియాలో కనీసం ఒక రాత్రి ఆగు. అక్కడినుంచి ఆరు కిలోమీటర్ల నిట్టెక్కుడు. పైన రాత్రి బసకు వీల్లేదు కాబట్టి తెల్లవారుతూనే బయలుదేరాలి. తలనొప్పి ముదిరినా, వాంతులైనా పట్టుదలకు పోకుండా వెంటనే దిగిపో. సరస్సు ఎక్కడికీ పోదు.

అక్కడి నీళ్లు లక్ష్మణగంగలో కలిసి, గోవింద్‌ఘాట్ దగ్గర అలకనందను చేరి, చివరికి గంగలో కలుస్తాయి. అందుకని ఒక్క ప్లాస్టిక్ సీసా కూడా ఆ ఒడ్డున వదలకండి. మీ జట్టులో అందరికీ బయలుదేరేముందే ఈ మాట గట్టిగా చెప్పు.

మీ పెద్దనాన్న